ఒకే విషయము, పలువురి చిత్రములు



చిత్రప్రదర్శన మనగానే అది పట్టణవాసుల వేడుక యనియు, సేద్యము చేసికొని బ్రదుకు మనవంటి వారికి దానితో నిమిత్తము లేదనియు మనలో పెక్కురు తలంతురు. నేనును చిరకాల మట్లే తలంచినవాడను. ఆ తలంపువలన మా యూరికి నా చేతులమీదుగానే యొక నష్టము కలిగినది. దానిని పిమ్మట విన్నవించెదను. ముందుగా, పల్లెవారి కన్నుల కొఱకే యేర్పడిన యొక ప్రదర్శనమును గూర్చి చెప్పెదను.

1938వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో, గుజరాతునందలి సూరతు ప్రాంతమున, హరిపుర యను గ్రామములో కాంగ్రెసు మహాసభ జరిగెను. సుభాష్ చంద్ర బోసుగారు దాని కధ్యక్షులు. ఆ సభాస్థలమును చిత్రములతో నలంకరింపవలసినదని గాంధీమహాత్ముడు శాంతినికేతనములోని కళాభవనమునకు పెద్దయైన నందలాల్ బోసుగారిని కోరెను. నందలాల్ గారు చేపట్టిన విషయ మొక్కటే: పల్లెటూరి బ్రదుకు. పనిముట్టు పట్టిన వడ్రంగి, బట్టలు కుట్టువాడు, నూలు వడకు స్త్రీ, డోలు వాయించువాడు, ఎద్దు నదుపు చేయువాడు, బిడ్డను లాలించు తల్లి, వీరే ఆ చిత్రములలోని నాయికానాయకులు. చేతితో చేసిన కాగితముపై మట్టిరంగులతో, మోటుగాను బలముగాను గీతలు గీచి, ఆయనయు శిష్యులును కలిసి 400 వరకు పటములను సిద్ధపఱచిరి. వానిని అద్దాల వెనుక దాచలేదు. ద్వారములకును పందిళ్లకును తగిలించిరి. బండి దిగి నడచివచ్చు రైతు తన్ను తానే అచ్చట చూచుకొనెను.

విషయ మొక్కటి యగుటవలన నేమి లాభమని మీరడుగవచ్చును. పది పటములు పది విషయములను జెప్పినచో క్రొత్తగా చూచువాని కన్ను దారి తప్పును. పదిమంది యొక్క విషయమునే వ్రాసినచో, ఒక్కొక్కడు దానిలో నేమి చూచెనో మనకు తెలియును. ఇది మనకు క్రొత్తగాదు. రామకథ యొక్కటే. దానిని శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు వెదురుకలముతో గుడ్డపై వ్రాయుదురు. నిమ్మలకుంటలో తోలుపై వ్రాసి, దీపపు వెలుతురు లోపలినుండి ప్రసరించునట్లు చేయుదురు. చేర్యాలలో నకాషీలు గుడ్డకు చింతగింజల గంజియు సుద్దయు పట్టించి, ఎఱ్ఱని నేలపై నడిపింతురు. మూడింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినవానికి రాముడొక్కడే యైనను, మూడు సీమల చేతివాటము మూడు విధములని విశదమగును.

అట్టి చిత్రములు నిలువవలెనన్న నిలుపుకొను వారుండవలెను. రాజమహేంద్రవరమున 1897లో జన్మించిన దామెర్ల రామారావుగారు బొంబాయిలో చిత్రకళ నభ్యసించియు, స్వస్థలమునకే తిరిగివచ్చి, అచ్చటి యువకులకు చిత్రలేఖనము నేర్పిరి. 1925లో, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే, మశూచివలన స్వర్గస్థులైరి. భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రములు వ్రాసినవారే. మిత్రులు వరదా వెంకటరత్నముగారు ఆ పనిని కొనసాగించిరి. రామారావుగారి చిత్రములను భద్రపఱచిన చిత్రశాల నేటికిని ఆ పురమున నున్నది. ఆ పటములు కొన్నవారి కొకటిగా చెదరిపోయియున్నచో, ఆ యూరి బిడ్డలు తమ యూరి చిత్రకారుని చేతిని ఒక్కచోట చూడగలిగియుందురా?

ఇక నా తప్పును జెప్పెదను. మా యూరి చావడి గోడమీద మా తాతలనాటి చిత్రమొకటి యుండెడిది. అది మా చెరువు త్రవ్విన కథ. గట్టు, తూము, చింతచెట్టు, మట్టితట్టలు మోయు ఒడ్డెవారు అందుండిరి. రంగు వెలిసి, అక్కడక్కడ పెచ్చులూడినది. జాతర వచ్చుచున్నదని, చావడి శుభ్రముగ నుండవలెనని, నేనే సున్నము కొట్టించితిని. అందఱును బాగున్నదనిరి. జాతరనాడు ఒడ్డెవారి ముసలమ్మ యొకతె మనుమనిని చేతబట్టుకొని వచ్చి, తెల్లని గోడయెదుట చాలసేపు నిలిచినది. “అయ్యా, మా తాత ఏడీ?” అని యడిగినది. తట్ట మోయువారిలో మూడవవాడు ఆమె తాత యని ఆ నాటికి గాని నాకు తెలియదు. ఏటేట ఆమె తన పిల్లలకు చూపుచుండెను. వారికి వేఱు పటము లేదు, కాగితము లేదు. చెరువు త్రవ్వినది తమవారని చెప్పుకొనుటకు ఆ గోడ యొక్కటే సాక్షి. నేను బదులు చెప్పలేకపోతిని.

కొన్నియేండ్లకు, బడిపంతులుగారి ప్రోత్సాహముతో, అదే చావడిలో “మన చెరువు” అను పేరిట ఊరివారి చిత్రములను ప్రదర్శించితిమి. కుమ్మరి యొకడు మట్టిపలకమీద గట్టును చేసితెచ్చెను. స్త్రీలు తామరముగ్గులు పెట్టిరి. పిల్లలు బొగ్గుతోను జాజుతోను వ్రాసిరి. ముసలమ్మ అప్పటికి లేదు. ఆమె మనుమడు, నాయనమ్మ చెప్పిన ఆనవాలునుబట్టి, తట్టలు మోయు నలువురిని వ్రాసెను. మూడవవాని తలపాగకు మాత్రము ఎఱ్ఱరంగు వేసెను. మొదటి చిత్రము తిరిగి రాలేదు. కాని ఆ బాలుడు తన తాతలకు గోడపై తావు సంపాదించెను.

పెద్దలారా, ఇది వ్యయసాధ్యమైన పనిగాదు. ఊరిలో ప్రతియింటికిని సంబంధముగల విషయము నొకదానిని ఎన్నుకొనుడు: చెరువు గాని, కోత గాని, సంత గాని. కులభేద మెంచక అందఱను వ్రాయుమనుడు. మొదటి యేడు బహుమానములు పెట్టవలదు. పోటీ పుట్టినచో చేతకానివాడు వెనుదీయును. పటములను ఎండ నేరుగా తగులని గోడకు, చూచువాని కంటియెత్తున తగిలింపుడు. ప్రతిదానిక్రింద వ్రాసినవాని పేరు తప్పక వ్రాయుడు. మన పాతగోడలమీద లేనిది అదియే. వేడుక ముగిసినపిదప వానిని చింపి పాఱవేయక, బడిలోనో గ్రంథాలయములోనో పెట్టెయందు భద్రపఱపుడు.

అన్నింటికంటె ముఖ్యమైన మాట యొకటి. మీ గుడిగోడమీద గాని, చావడిగోడమీద గాని పాతచిత్రమున్నచో, సున్నపుకుండ తెప్పింపకమునుపు ఊరిలోని వృద్ధులను పిలిచి, అందున్న వారెవరో యొక్కసారి అడుగుడు. నేనడుగలేదు.