పసుపుపాలు, పిడుదు, మా ఇంటి బుజ్జి

ఈ రోజు నేను మాట్లాడబోయేది పిల్లల చదువుల గురించి కాదు, ఇంటి లోను వడ్డీ గురించి కూడా కాదు. చాలామంది ఇళ్ళల్లో ఇప్పుడు నాలుగు కాళ్ళమీద తిరిగే ఇంకో సభ్యుడు ఉన్నాడు కదా, వాడి ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెబుతాను.

మేముండేది గిరావీన్‌లో. గిరావీన్ అంటే ఇక్కడి ఆదివాసుల భాషలో పూలుండే చోటని చెబుతారు. మాకు సొంత రైలు స్టేషను లేదు. టూంగాబీకో, పెండిల్ హిల్‌కో నడవాల్సిందే. సాయంత్రం అలా నడిచి వస్తుంటే ఒక చేత్తో కూరగాయల సంచి, ఇంకో చేత్తో కుక్క తాడు పట్టుకున్న మనవాళ్ళు ఎంతమందో కనిపిస్తారు. మన ఊళ్ళో కుక్క వీధిలో ఉండేది, మిగిలిన అన్నం గుమ్మం బయట పెట్టేవాళ్ళం. ఇక్కడ అది సోఫా ఎక్కింది. అందుకే దానికి జలుబు చేస్తే మన చెయ్యి మన పోపులపెట్టె మీదకే పోతుంది. తప్పేమీ లేదు, ప్రేమతో చేసే పనే. ఆ ప్రేమవల్లే మా బుజ్జి ప్రాణం మీదికి వచ్చింది. అది చెప్పడానికే వచ్చాను.

ఐదేళ్ళ క్రితం అక్టోబరు నెల. తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చి ఉన్నారు. శనివారం అందరం నార్దర్న్ బీచెస్ వైపు వెళ్ళాం. పిల్లలు నీళ్ళలో ఆడుకుంటే, బుజ్జి పొదల్లో ముక్కు పెట్టి తిరిగింది. మంగళవారం పొద్దున దాని అరుపు మారింది. బొంగురుగా, ఎవరో గొంతు నొక్కినట్టు వచ్చింది. "గొంతు పట్టేసిందమ్మా, సముద్రపు గాలి" అన్నారు అత్తయ్య. గోరువెచ్చటి పాలల్లో చిటికెడు పసుపు వేసి, దగ్గర కూర్చుని కొద్దికొద్దిగా తాగించారు. పసుపు మంచిదేగా అని నేనూ ఆఫీసుకి వెళ్ళిపోయాను. సాయంత్రానికి వెనక కాళ్ళు తూలుతున్నాయి. బాగా తిరిగింది కదా, బెణికి ఉంటుందన్నారు మావారు. సరే అని అత్తయ్య వేపనూనె వెచ్చచేసి ఒళ్ళంతా మర్దనా మొదలుపెట్టారు. చెవి వెనక ఆవిడ వేలు ఆగింది. "అమ్మాయ్, ఇక్కడేదో పులిపిరి లాగుంది, చూడు" అన్నారు.

అది పులిపిరి కాదు, పిడుదు. కొన్ని జిల్లాల్లో గోమారి అంటారు. మన ఊళ్ళో గేదె పొదుగు దగ్గర పట్టి ఉండేవి, చేత్తో పీకి పారేసేవాళ్ళం. అక్కడి పిడుదు వల్ల జ్వరాలు, రక్తహీనత వస్తాయేమోగాని ఇలా కాళ్ళు పడిపోవడం అత్తయ్య ఎన్నడూ చూడలేదు. ఆస్ట్రేలియా తూర్పు తీరం పొడవునా ఉండే ఈ పిడుదు వేరే జాతి. దాని లాలాజలంలో నరాలని పట్టేసే విషం ఉంటుంది. కరిచిన మూడు నుంచి ఐదు రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి. ముందు అరుపు మారుతుంది, వాంతి అవుతుంది, వెనక కాళ్ళు తూలతాయి, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు ఆగిపోతాయి. ఏడాదంతా ఉంటుంది గాని వసంతకాలంలో, అంటే సెప్టెంబరు నుంచి ఎక్కువ.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. ఈ పిడుదు సహజంగా బతికేది బాండికూట్ అనే జంతువు మీద. బాండికూట్ అన్న ఇంగ్లీషు మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా? మన పందికొక్కు నుంచే! ఇక్కడి జంతువు ఎలక జాతి కాదు, కంగారూలాగా కడుపు సంచీలో పిల్లల్ని పెంచేది. పోలిక చూసి తెల్లవాళ్ళు ఆ పేరు తగిలించారు. మనకంటే ముందే మన మాట వీసా లేకుండా వచ్చేసిందన్నమాట. ఆ పిడుదు ఎన్నిసార్లు కుట్టినా బాండికూట్ తట్టుకుంటుంది. కుక్క తట్టుకోలేదు.

రాత్రి పది గంటలకి అత్యవసర పశువైద్యుల దగ్గరికి పరుగెత్తాం. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "నోటి ద్వారా ఏమైనా ఇచ్చారా?" పాలు అన్నాను. ఆవిడ మొహం మారింది. ఈ విషం ఎక్కినప్పుడు గొంతు కండరాలు కూడా సరిగా పనిచేయవట. మింగినట్టే కనిపిస్తుంది, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాంటప్పుడు మంచినీళ్ళు కూడా పట్టకూడదు. బుజ్జికి న్యుమోనియా పట్టుకుంది. పిడుదు విషానికి విరుగుడు సీరం ఎక్కించారు. అది కూడా విషాన్ని తట్టుకునేలా చేసిన ఇతర కుక్కల రక్తం నుంచి తయారయ్యేదేనట. ఏదో కుక్క మా కుక్కకి ప్రాణం పోసింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంది. బతికింది.

ఆ నాలుగు రోజులూ అత్తయ్య సరిగా భోంచేయలేదు. "నా చేత్తోనే పోశాను" అని ఒకటే మాట. కానీ శ్రోతలారా, తప్పు ఆవిడది కాదు. పన్నెండేళ్ళుగా ఈ దేశంలో ఉన్నది నేను. పిడుదుల సంగతి పేపర్లో చదివిందీ నేనే. నెలకోసారో, మూడు నెలలకోసారో ఇచ్చే పిడుదుల మాత్ర "రసాయనాలెందుకులే, వేపనూనె రాస్తే చాలు" అని మానేసిందీ నేనే. వేపనూనె వాసనకి కొన్ని పురుగులు దూరంగా ఉంటాయేమో గాని, ఈ పిడుదు విషయంలో దాన్ని నమ్ముకుని ఊరుకోకూడదు.

సహజమైనది అంటే హాని లేనిది అని మనకో నమ్మకం. పిడుదు విషం కూడా సహజమైనదే కదా! టీ ట్రీ నూనె చూడండి, మన న్యూ సౌత్ వేల్స్ చెట్టుదే. అచ్చమైన నూనె కొద్దిగా ఒంటికి రాసినా కుక్కకి విషం. మెకడేమియా గింజలు ఈ దేశపు పంటే, తింటే కుక్కకి వెనక కాళ్ళు బలహీనపడతాయి. ఇక మన వంటింటికి వద్దాం. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా వండినవైనా పొడైనా కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. అదీ వెంటనే కాదు, కొన్ని రోజుల తర్వాత బయటపడుతుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలని పాడుచేస్తాయి. దానికి కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు గుర్తించారు. ఆ ఆమ్లం దండిగా ఉండేది ఎందులో? మన చింతపండులో! కాబట్టి చారన్నం, పులిహోర, సాంబారు ఏవీ పెట్టకండి. మనం వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు అసలే వద్దు. వండిన ఎముకలు చీలి పేగులకి గుచ్చుకుంటాయి.

మరి పసుపు? కొద్దిగా తింటే ప్రమాదం లేదు, కానీ అందులో ఒంటికి పట్టేది బహు తక్కువ. పెరుగన్నం? పడే కుక్కకి ఎప్పుడైనా రెండు ముద్దలు పెట్టచ్చు. కుక్కలు తోడేళ్ళకంటే పిండిపదార్థాలని బాగా అరిగించుకుంటాయని 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు జన్యువుల్లో చూపించారు. మనుషుల అన్నం తిని బతికిన జాతి మరి. శాకాహారుల ఇంట్లో కుక్కని శాకాహారంతో పెంచడం కూడా కుదురుతుంది. కానీ అన్ని పోషకాలూ కలిపి తయారుచేసిన ఆహారం కావాలి, పశువైద్యులని అడిగి చేయాలి. పప్పన్నంతో సరిపోదు.

ఇంకో మాట దాచకుండా చెప్పుకుందాం. మనం చిట్కాలకి వెళ్ళేది నమ్మకంతోనే కాదు, ఖర్చుకి భయపడి కూడా. కుక్కకి మెడికేర్ లేదు. మాకైన బిల్లుతో ఇద్దరం ఇండియా వెళ్ళొచ్చేవాళ్ళం. మేము మానేసిన మాత్రల ఖర్చు దాని ముందు ఏపాటిది? అందుకే కుక్కని తెచ్చుకునే రోజే ఈ లెక్క వేసుకోండి. బీమా తీసుకుంటారో, నెలనెలా కొంత పక్కన పెడతారో మీ ఇష్టం. ఒంట్లో బాగాలేనప్పుడు ముందు ఫోన్ చేసి లక్షణాలు చెప్పండి, ఖర్చెంతవుతుందో అడగండి. అడగడానికి సిగ్గుపడక్కర్లేదు.

సహజంగా చేయగలిగినవి లేవని కాదు, బోలెడున్నాయి. రోజూ నడిపించడం, బరువు పెరగకుండా చూడటం, పళ్ళు తోమడం, నీడ, చల్లటి నీళ్ళు. మన పడమటి సిడ్నీ ఎండలు మీకు తెలుసు. 2020 జనవరి 4న పెన్రిత్‌లో 48.9 డిగ్రీలు నమోదైంది. వేసవిలో నడకకి బయల్దేరేముందు పేవ్‌మెంటు మీద మీ అరచేతి వెనక వైపు ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని కాళ్ళూ కాలతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది అత్తయ్య చేసిన పనే. ఆవిడ పాలు కాదు, ఆవిడ చెయ్యి. తీరం వైపు వెళ్ళొచ్చాక రోజూ చెవుల వెనక, మెడపట్టీ కింద, పెదవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో వేళ్ళతో తడిమి చూడండి. మాత్ర ఇస్తున్నా సరే చూడండి. పిడుదు దొరికితే చర్మానికి ఆనుకుని పట్టుకుని తీసేయండి. తీశాక కూడా ఒకటి రెండు రోజులు విషం పెరగచ్చు. అరుపు మారినా, నడక తూలినా ఏమీ తాగించకండి, తినిపించకండి. చల్లగా, కదలకుండా ఉంచి డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. తెల్లారేదాకా ఆగకండి.

బుజ్జికి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. అత్తయ్య తెనాలిలోనే ఉన్నారు. ఆదివారం వీడియోలో మమ్మల్ని పలకరించాక ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే, "చెవి వెనక చూశావా అమ్మాయ్?" చూశానత్తయ్యా అంటాను. ఒక్కోసారి చూసి ఉండను. ఫోన్ పెట్టేసి వెళ్ళి చూస్తాను.

మీరూ ఈ రాత్రి ఒకసారి చూడండి.