అంగట్లో ఇంటివంట



ఈవేళ మనం స్వగృహ దుకాణాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. స్వగృహమంటే సొంత ఇల్లు కదండీ! కానీ హైదరాబాదులో ఆ మాటకు ఇంకో అర్థం కూడా స్థిరపడిపోయింది. పచ్చళ్ళు, పొడులు, వడియాలు, పిండివంటలు అమ్మే కొట్టు ఎవరిదైనా సరే, ఏ పేరుతో ఉన్నా సరే, “స్వగృహ షాపు” అనేస్తున్నాం. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా, అక్కడినుంచి వనస్థలిపురం దాకా ఉన్న కాలనీల్లో ఇలాంటి దుకాణాలు చాలానే కనిపిస్తాయి. బోర్డులకేం కొదవ లేదు. ఆ బోర్డు వెనకాల నిజంగా ఇంటివంట ఉందా లేదా అన్నదే మన ప్రశ్న.

అసలు ఈ తూర్పువైపు ఇవి ఎందుకు నిలదొక్కుకున్నాయో చూడండి. విజయవాడ రహదారి నగరంలోకి అడుగుపెట్టేది ఎల్.బి.నగర్ దగ్గరే. నల్గొండ, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఉద్యోగాలకనీ, పిల్లల చదువులకనీ వచ్చిన కుటుంబాలు ఈ దారి పొడవునా కాపురాలు పెట్టుకున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండి కోచింగులకు వెళ్ళే పిల్లలు సరేసరి. ఊరు వదిలి వచ్చినవాళ్ళు ఇల్లు మార్చుకుంటారు, ఉద్యోగం మార్చుకుంటారు, నాలుకను మాత్రం అంత తొందరగా మార్చుకోలేరు.

ఇది మన ఒక్కరి సంగతే కాదు. 1880 నుంచి 1924 దాకా నలభై లక్షల మందికి పైగా ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్ళారు. న్యూయార్కులో వాళ్ళు గుమిగూడి ఉన్న పేటకి లిటిల్ ఇటలీ అనే పేరే వచ్చింది. అక్కడ తమ దేశపు జున్నుగడ్డలు, ఆలివ్ నూనె, ఉప్పులో ఊరవేసి ఆరబెట్టిన మాంసం అమ్మే కొట్లు వెలిశాయి. మనవాళ్ళ పచ్చళ్ళ కొట్టు ఎలాంటిదో వాళ్ళకవి అలాంటివన్నమాట. పిల్లలు పెద్దవాళ్ళయి శివార్లకు కాపురాలు మార్చేసరికి ఆ పేట చిన్నదైపోయింది. కొట్లు చాలావరకు మూతబడ్డాయి. కొన్ని మాత్రం ఇంకా నడుస్తున్నాయి. కొనేవాళ్ళకు అసలు రుచి గుర్తున్నన్నాళ్ళే అలాంటి కొట్టు బతుకుతుంది.

మన పేటలూ మారాయి కదండీ. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం ఒకప్పుడు వేటికవే పురపాలక సంఘాలు. 2007లో రెండూ మహానగరపాలికలో కలిసిపోయాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకూ మెట్రో రైలు వచ్చింది. కొత్తపేటలో ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును 2021లో విజయవాడ దారిలోని బాటసింగారానికి తరలించారు. వేసవి వస్తే మామిడిపళ్ళ వాసనతో నిండిపోయే ఆ స్థలంలో పెద్దాసుపత్రి కట్టడానికి 2022లో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరమే, కాదనం. కానీ మెయిన్ రోడ్డు మీద అద్దెలు పెరిగితే చిన్న కొట్టు అక్కడ నిలబడటం కష్టం. సందులోకి జరుగుతుంది, లేకపోతే రకాలు తగ్గించుకుంటుంది, లేకపోతే ఎక్కడినుంచో తెప్పించిన సరుకు మీద తన పేరు అంటించుకుంటుంది. ఈ మూడోది జరగకుండా చూడటం కొంతవరకు మన చేతిలో ఉంది.

మరి మంచి కొట్టును కనిపెట్టడం ఎలా?

మొదటిది, మెట్రో స్తంభాల పక్కనే వెతకకండి. కాలనీ లోపలికి వెళ్ళండి. ఇంటి ముందుగదిలో నాలుగు అరలు పెట్టుకుని అమ్మేవాళ్ళు ఉంటారు. బోర్డు ఉన్నా చిన్నదే ఉంటుంది. గుడి దగ్గర, కూరల బండి దగ్గర, మీ అపార్టుమెంటులో పెద్దావిడనో అడగండి. “సంక్రాంతికి అరిసెలు ఎవరిచేత చేయించుకున్నారు పిన్నిగారూ?” అంటే చాలు, చిరునామాతో పాటు మంచీచెడూ కూడా చెబుతారు.

రెండోది, “ఇప్పుడు లేదమ్మా” అనగలిగే కొట్టును నమ్మండి. ఆవకాయ, మాగాయ వేసవిలో పెడతారు, ఏడాదంతా నిలవుంటాయి. చింతకాయ, ఉసిరికాయ చలికాలపు సరుకు. పండుమిరపకాయ వచ్చే రోజులు వేరు. ఏది ఎప్పుడు పెట్టారో చెప్పగలిగిన మనిషికి ఆ జాడీతో పరిచయం ఉన్నట్టు. అన్నీ ఎప్పుడూ తాజాయే అంటే కాస్త అనుమానించాల్సిందే.

మూడోది, నూనె సంగతి అడగండి. నువ్వులనూనా, వేరుశనగనూనా, ఇంకోటా అని. ఏ నూనె వాడినా దాచకుండా చెప్పాలి. ప్యాకెట్టు మీద దినుసుల పేర్లు ఎక్కువ తూకమున్నది మొదట వచ్చేలా వరసగా ఉంటాయి. ఆ వరస చదివితే పచ్చడిలో మామిడికాయ ఎక్కడుందో, నూనె ఎక్కడుందో తెలిసిపోతుంది. వేయించిన వాటికైతే ముక్కే పరీక్షాధికారి. జంతిక విరవగానే పాత నూనె వాసన వస్తే ఎంత చవకైనా వద్దు. నూనెను పదేపదే కాచడానికి కూడా ఒక హద్దు ఉంది. 2018 జూలై నుంచి ప్రభుత్వ నిబంధన అమలులో ఉంది.

నాలుగోది, ప్యాకెట్టు మీద ఆహార భద్రతా సంస్థవారి 14 అంకెల నంబరు, తయారుచేసిన తేదీ చూడండి. చూసి తీసుకోవడం మన హక్కు. ఇంట్లో చేసి అమ్మేవాళ్ళూ ఆ నంబరు తీసుకోవాల్సిందే. మీకు తెలిసిన చెల్లెలు ఎవరైనా ఇంట్లో చేసి అమ్ముతుంటే ఈ సంగతి చెప్పండి. సర్కారు కాగితమంటే భయపడి ఊరుకునేవాళ్ళు చాలామంది.

ఐదోది, ముందు పావుకిలో కొనండి. ఆవకాయ ముక్కకు టెంక అంటుకుని ఉందా, ముక్క గట్టిగా ఉందా చూడండి. టెంక లేని ముక్క తొందరగా మెత్తబడుతుంది. సకినాలైతే నువ్వులు, వాము కనబడాలి. చేత్తో చుట్టిన సకినం రెండోదానిలా ఉండదు. వంకర ఉంటే లోపమనుకోకండి, అది చేతి గుర్తు. “పైన పటారం, లోన లొటారం” అన్నట్టు మెరిసే డబ్బాను చూసి మోసపోకండి.

ఈ కొట్లలో నాకు ముచ్చటేసే సంగతి ఇంకోటి ఉంది. మనం కజ్జికాయలంటే పక్కావిడ గరిజలంటుంది. మనం బొబ్బట్లంటే ఆవిడ భక్ష్యాలంటుంది. జంతికలు అడిగితే మురుకులు ఇస్తారు, రెండూ ఒకటే. ఒక అరలో కృష్ణా, గుంటూరు వైపు ఆవకాయ ఉంటే, పక్క అరలో అల్లంవెల్లుల్లి ముద్ద వేసిన తెలంగాణ మామిడికాయ తొక్కు ఉంటుంది. నల్గొండ అమ్మాయి గోంగూర తీసుకెళ్తుంది, తెనాలి అమ్మాయి సకినాలు రుచి మరుగుతుంది. ఇరుగుపొరుగు కలిసేది ఇలాంటి చోటే కదా!

ఇక ధర మాట. “ఇంతా! మా ఇంట్లో అయితే ఇందులో సగానికి వస్తుంది” అంటుంటాం. ఇంట్లో మన చాకిరీకి మనం లెక్క కట్టం కాబట్టి అలా అనిపిస్తుంది. మామిడికాయ కడగాలి, తుడవాలి, టెంకతో సహా కొట్టాలి, జీడి తీయాలి, లోపలి పొర గీకాలి, ఒక్కొక్క ముక్కనూ పొడి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత కదా కారం, ఆవపిండి! మూడోనాడు తిరగకలపాలి. ఇదంతా ఎవరో ఒక స్త్రీ నడుము వంచి చేసిన పని. మనం గీసిగీసి బేరమాడితే ఆవిడ తగ్గించగలిగేది తన కూలి, లేకపోతే నూనె. రెండూ మనకు మంచివి కావు.

ఈ పనికున్న విలువ చిన్నదని కూడా అనుకోకండి. 1959 మార్చి 15న బొంబాయి గిర్గాం‌లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు ఒత్తడం మొదలుపెట్టారు. అదే లిజ్జత్ పాపడ్ సంస్థ అయింది. వేలాదిమంది స్త్రీలు అందులో కూలీలుగా కాదు, భాగస్తులుగా ఉన్నారు. అందరూ అంత పెద్దవాళ్ళు కానక్కర్లేదు. మన వీధిలో ఒకావిడ తన చేతి వంటతో పిల్లల ఫీజులు కట్టుకోగలిగితే అదీ ఘనతే.

ఆఖరుగా ఒక్క మాట. కొట్టులో వస్తువు బాగుందో లేదో చెప్పాలంటే బాగుండడమంటే ఏమిటో మన నాలుకకు తెలిసుండాలి. ఇరవై ఏళ్ళ తర్వాత మన అమ్మాయిలు ఆ కొట్టుకు వెళితే ఏ రుచితో పోల్చి చూస్తారు? అందుకని ఏడాదికొక్కసారైనా ఇంట్లో చిన్న జాడీ పెట్టండి. నాలుగు కాయలైనా చాలు. అమ్మాయి చేతా, అబ్బాయి చేతా ముక్కలు తుడిపించండి. అత్తగారో అమ్మగారో చెప్పిన కొలత నోటుపుస్తకంలో రాసిపెట్టండి. ఇంటింటికీ ఆ కొలత వేరు. రాయకపోతే ఆ మనిషితోనే పోతుంది.

మిగతా ఏడాదికి సరిపడా పచ్చడి సందులో ఆవిడ దగ్గరే కొనండి. ఉప్పు ఎక్కువైతే మొహమాటపడకుండా చెప్పండి. బాగుంటే అదీ చెప్పండి. చెప్పేవాళ్ళు ఉంటేనే చేసేవాళ్ళకు ఒళ్ళు దగ్గరుంటుంది.