గేమింగ్ మౌస్‌కి అంత డబ్బు పెట్టాలా? మా తమ్ముడి తొమ్మిది వేల కథ

ఈరోజు టేబుల్ మీద మూడు మౌస్‌లు పెట్టుకుని కూర్చున్నాను. మొదటిది నెట్ సెంటర్లలో కనిపించే మామూలు మౌస్, 300 రూపాయలది. రెండోది లాజిటెక్ జీ102, నాకు 1,500 దాకా పడింది. మూడోది నేను రోజూ వాడే వైర్‌లెస్ గేమింగ్ మౌస్, 9,000 పెట్టి కొన్నాను. ఫోన్‌లో బీజీఎంఐ ఆడి ఆడి ఇప్పుడు పీసీకి వస్తున్నవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. ఆ మూడోదానికి పెట్టే డబ్బుకి నిజంగా పని ఉందా?

నన్ను ఈ వీడియో చేయించింది మా పిన్ని కొడుకు. విజయవాడలో బీటెక్ రెండో సంవత్సరం. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కి వెళ్లి, అర్ధరాత్రి దాకా వడ్డించి, 9,000 కూడబెట్టాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు వాడే మౌస్ ఆర్డర్ పెట్టేస్తున్నా" అన్నాడు. ఎందుకురా అంటే, "వాలరెంట్‌లో సిల్వర్‌లో ఇరుక్కుపోయా అన్నా. మా రూమ్‌లో డైమండ్ ఉన్నోడి దగ్గర అదే ఉంది" అన్నాడు.

ఆగరా బాబూ అన్నాను. ఆ వారం ఎలాగూ ఊరెళ్లే పని ఉంది. నా దగ్గరున్న రెండు మౌస్‌లూ తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టాను. "పది రోజులు మార్చి మార్చి ఆడు, తర్వాత కొందువుగాని" అన్నాను. ఏం జరిగిందో చెప్తాను. ముందు, ఆ ఎక్కువ డబ్బు దేనికి పోతుందో చూద్దాం.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండేది డీపీఐ. 20,000, 30,000 అని వేస్తారు. ఫోన్ కెమెరాకి మెగాపిక్సెల్స్ ఎలాగో, మౌస్‌కి ఇది అలాగ. అంకె పెద్దదైనంత మాత్రాన ఫోటో బాగా రాదు కదా! మౌస్‌ని ఒక అంగుళం కదిపితే కంప్యూటర్‌కి ఎన్ని కౌంట్లు వెళ్తాయో అదే డీపీఐ. వాలరెంట్‌లో 800 డీపీఐ, గేమ్ సెన్సిటివిటీ 0.35 పెట్టుకుంటే, మీ క్యారెక్టర్ చుట్టూ ఒకసారి తిరగడానికి మౌస్‌ని సుమారు 47 సెంటీమీటర్లు జరపాలి. అదే సెన్సిటివిటీ ఉంచి డీపీఐ 20,000 చేస్తే? ముప్పావు అంగుళం కదిపేసరికి మనిషి గిర్రున తిరిగేస్తాడు. అందుకే పెద్ద పెద్ద ప్లేయర్లలో ఎక్కువమంది 400, 800, 1,600 దగ్గరే ఉంటారు. జీ102లోనే 8,000 దాకా ఉంది. అంతకుమించిన అంకెకి డబ్బు కట్టక్కర్లేదు.

రెండోది పోలింగ్ రేట్. అంటే మౌస్ కంప్యూటర్‌కి సెకనుకి ఎన్నిసార్లు కబురు పంపుతుంది అని. మామూలు మౌస్ 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకి ఒకసారి. గేమింగ్ మౌస్ 1,000 సార్లు, అంటే 1 మిల్లీసెకనుకి ఒకసారి. ఇప్పుడు ఖరీదైనవాటిలో 8,000 కూడా వస్తోంది. లెక్క చూడండి. 125 నుంచి 1,000కి వెళ్తే గరిష్ఠంగా 7 మిల్లీసెకన్లు కలిసొస్తాయి. 1,000 నుంచి 8,000కి వెళ్తే ఒక్క మిల్లీసెకను కూడా కలిసిరాదు. మా వాడి ల్యాప్‌టాప్ స్క్రీన్ 60 హెర్ట్జ్. అది కొత్త బొమ్మ చూపించడానికే దాదాపు 17 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. స్క్రీనే ఎడ్లబండిలా నడుస్తుంటే మౌస్ ఒక్కటే విమానంలా పరిగెత్తి ఏం లాభం? పైగా 8,000 పెడితే ప్రాసెసర్ మీద భారం పడి, చిన్న ల్యాప్‌టాప్‌లో గేమే తడబడొచ్చు.

మూడోది సెన్సర్. ఇది మాత్రం అసలు విషయం. మౌస్ కింద చిన్న కెమెరా లాంటిది ఉంటుంది. అది టేబుల్‌ని సెకనుకి వేలసార్లు ఫోటో తీసి, పాత ఫోటోకి, కొత్త ఫోటోకి తేడా చూసి ఎంత కదిలిందో లెక్కేస్తుంది. చెయ్యి మరీ వేగంగా విసిరితే చౌక సెన్సర్‌కి ఆ రెండు ఫోటోలూ కలవవు, లెక్క తప్పుతుంది. శత్రువు వెనక నుంచి వచ్చాడని గబుక్కున తిరిగితే, చూపు ఆకాశం మీదకో నేల మీదకో పోతుంది. 300 రూపాయల మౌస్‌తో మా వాడికి రోజూ జరిగేది ఇదే. వాడేమో తన చెయ్యే బాగోలేదనుకున్నాడు!

ఇంక పది రోజుల సంగతి. ప్రాక్టీస్ రేంజ్‌లో 30 బాట్‌ల పరీక్ష ఉంటుంది కదా, దాన్ని మీడియంలో పెట్టి రోజూ మూడు మౌస్‌లతోనూ ఆడమన్నాను. ఆడగా ఆడగా చెయ్యి తిరుగుతుంది కాబట్టి, ఏ రోజు ఏది ముందో మారుస్తూ ఉండమన్నాను. మామూలు మౌస్‌తో సగటున 11 పడ్డాయి. జీ102తో 15. నా 9,000 మౌస్‌తో 16. అంటే 300 నుంచి 1,500కి వెళ్తే 4 పెరిగాయి. మిగతా 7,500కి 1 పెరిగింది. అదీ ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు.

అయితే ఖరీదైన మౌస్ దండగ అని నేను అనను. జీ102 బరువు 85 గ్రాములు. 63 గ్రాముల లోపువి కూడా ఉన్నాయి. రోజుకి ఐదారు గంటలు ఆడేవాళ్లకి, మణికట్టు నొప్పి పుట్టేవాళ్లకి ఆ 20 గ్రాముల తేడా తెలుస్తుంది. వైర్ లాగినట్టు ఉండదు. 144 హెర్ట్జ్ మానిటర్ ఉండి, ఎఫ్‌పీఎస్ నిలకడగా వస్తూ, టోర్నమెంట్లు ఆడేవాళ్లయితే హాయిగా కొనుక్కోండి. మిగతావన్నీ సరిచేసుకున్నాక ఆఖర్న చేసే ఖర్చు అది.

ఖరీదు ఎక్కువైతే ఎక్కువకాలం వస్తుందనే భ్రమ కూడా వద్దు. ఇంతకుముందు నేను కొన్న ఒక ఖరీదైన మౌస్, కంపెనీ పేరు వద్దులెండి, 14 నెలలకే ఒకసారి నొక్కితే రెండుసార్లు క్లిక్ కొట్టడం మొదలుపెట్టింది. లోపల ఉండే చిన్న లోహపు రేకు అరిగితే వచ్చే జబ్బు ఇది. వెలుతురుతో పనిచేసే ఆప్టికల్ స్విచ్‌లు ఉన్నవాటికి ఈ బాధ ఉండదు. కొనేటప్పుడు స్విచ్ ఏదో చూడండి, వారంటీ ఎన్నేళ్లో చూడండి, బిల్లు దాచుకోండి. నేను బిల్లు పారేశాను, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

ఇంకోటి, చేతికి సరిపోవడం. మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా స్కేల్‌తో కొలుచుకోండి. చిన్న చేతికి పెద్ద మౌస్ తీసుకుంటే 9,000ది కూడా ఇటుకరాయే. వీలైతే షాపుకెళ్లి పట్టుకుని చూసి కొనండి. కొన్నాక విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అని ఉంటుంది, అది ఆఫ్ చేయండి. అది ఆన్‌లో ఉంటే చెయ్యి వేగాన్ని బట్టి పాయింటర్ దూరం మారిపోతుంది, చేతికి అలవాటు కుదరదు. దీనికి రూపాయి ఖర్చు లేదు.

చివరికి మా వాడు ఏం చేశాడంటే, జీ102 ఒకటి, పెద్ద గుడ్డ మౌస్‌ప్యాడ్ ఒకటి కొన్నాడు. వాడి ల్యాప్‌టాప్‌లో ఒకే 8 జీబీ ర్యామ్ ఉంది, పక్క స్లాట్ ఖాళీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లకి రెండో ర్యామ్ పడితే గేమ్ బాగా తేలికవుతుంది. అదీ వేయించాడు. మీరు చేయించే ముందు స్లాట్ ఉందో లేదో చూసుకోండి, కొన్నిటికి ఉండదు. అన్నీ పోగా ఇంకా కొంత మిగిలింది. "ఇది అమ్మకి చెప్పకు అన్నా" అన్నాడు.

ఇప్పుడు గోల్డ్‌లో ఉన్నాడు. మౌస్ వల్ల అని నేను చెప్పను. రోజూ అరగంట ప్రాక్టీస్ చేస్తున్నాడు, అదీ సంగతి. మొన్న ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? "అన్నా, ఆ డైమండ్ వాడు నా మౌస్‌తో ఆడినా నన్నే కొట్టాడు."

మీ దగ్గర ఏ మౌస్ ఉంది, ఎంత పడింది, ఎన్నాళ్లు వచ్చిందో కామెంట్‌లో రాయండి. ఆర్డర్ పెట్టబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ముందు ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.