బంతియాటయు మెడనొప్పియు

ముప్పదియైదు సంవత్సరములు ఛందోవ్యాకరణములు బోధించి విశ్రాంతి గైకొన్న తెలుగు పండితునకు స్నూకరుతో నేమి పనియని మీరడుగవచ్చును. ఆ పని మా మనుమని మూలమున గలిగినది.

భవానీపురమున మాతోడ నుండి చదువుకొనుచున్న వాడు, కళాశాల విడిచినంతనే పండ్రెండడుగుల పచ్చగుడ్డ బల్లయొద్ద జేరును. ఇది దొరల యాటయని నేను మొదట నీసడించితిని. కాని 1875లో జబల్పూరు సైనికుల నడుమ పుట్టి, ఉదకమండలమున నియమములు దిద్దుకొనిన యాట యిది. పుట్టుక మన గడ్డమీదనే.

ఒకనాటి యుదయమున వాడు మెడ కుడివైపునకు త్రిప్పలేకపోయెను. పోటీకి మూడు వారములే గడువు. నేను పెద్దరికము వహించి నువ్వులనూనె కాచి రాచి, మెడకు పట్టీ తొడిగించి, పది దినములు కదలవద్దని శాసించితిని. పదునొకండవనాడు పట్టీ విప్పగా మెడ మఱింత మ్రానుబారి యుండెను. "తాతయ్యా, నీ వైద్యంతో నా పోటీ పోయింది" అని వాడనిన మాట నాకిప్పటికిని ములుకు.

పిమ్మట ఫిజియోథెరపిస్టు నొకరిని మాయింటికి బిలిచితిమి. ఆయన మందు చెప్పుటకు ముందు నా చేతికర్రను వానికిచ్చి, భోజనపుబల్లపై ఆట యభినయింపు మనెను. వాడు వంగి, గడ్డమును కర్రమీదికి జేర్చి, కన్నులెత్తి చూచెను. "చూచితిరా మాష్టారూ, మెడ అడుగుభాగం ముందుకు వంగింది, పైభాగం వెనక్కి విరిగింది" అని యాయన చూపెను. తల బరువు సుమారు అయిదు కిలోలు. ఆ భంగిమలో దానిని మోయుటకై మెడవెనుక కండరములు గంటలకొలది బిగిసి యుండును. గొంతు లోపలి చిన్న కండరములు పనిలేక బలము దప్పును.

నాకప్పుడు సుశ్రుతము స్ఫురించినది. మన్యాస్తంభమను మెడపట్టునకు పగటినిద్రతో బాటు మీదికి చూచుటయు హేతువని యందు గలదు. చదివియు, ఇంటిలో నున్న రోగమును పోల్పలేని పాండిత్యము నాది!

ఆయన చెప్పిన వ్యాయామములలో మొదటిది మిక్కిలి ముఖ్యము. గోడకు వీపానించి కూర్చుండి, గడ్డము ఎత్తకయు దించకయు తిన్నగా వెనుకకు లాగవలెను. గడ్డముక్రింద ముడుత పడినచో సరిగా చేసినట్లు. అయిదు లెక్కించువరకు నిలిపి వదలవలెను, ఇట్లు పదిమారులు. పిదప రెక్కయెముకలను రెండింటిని వెన్నువైపునకు దగ్గరజేయుట. ఆపైన అరచేతిని నుదుట నానించి, తల కదలనీయక మెల్లగా నొత్తుట. ఫలము వారములమీద గాని కనబడదు. ఎదుటివాడు ఆడుచుండగా కుర్చీలో గూర్చున్న వేళ మొదటిదానిని రెండుమారులు చేయవచ్చును. వంగునపుడు వీపును గూనుచేయక తుంటియొద్ద వంగవలెను. చేయి తిమ్మిరెక్కినను, పట్టు సడలినను, నడక తడబడినను వ్యాయామములు మాని వెంటనే వైద్యుని జూడవలెను.

కంటియద్దములవారికి వేఱొక చిక్కు. వంగినపుడు చట్రము అడ్డుపడుటచే తలను మఱింత వెనుకకు విఱువవలసి వచ్చును. 1985లో ప్రపంచ విజేతయైన డెన్నిస్ టేలరు ఎత్తైన యద్దములుగల వింత కళ్లజోడు ధరించెను. వంగియు అద్దములగుండనే చూచుట కది వీలిచ్చెను. జనులు నవ్విరి. ఆయన గెలిచెను.

మా వాడు నాలుగు నెలలకు మరల పోటీలో నాడెను; రెండవ యావృత్తిలో నోడెను. మెడవలన గాదు, గుఱి తప్పి. ఇక నా సంగతి. ముప్పదియైదేండ్లు కాగితములు దిద్ది వంగిన మెడతో ఇంద్రకీలాద్రి శిఖరమును తలయెత్తి చూడలేకుంటిని. ఇప్పుడు ప్రతిసాయంకాలమును గోడయొద్ద నేను గూర్చుందును, వాడు లెక్కించును. "గడ్డం ఎత్తుతున్నావు తాతయ్యా" యని వాడు గద్దించి, మరల ఒకటినుండి మొదలుపెట్టును.