ఫోనులో సంథ

(తిరుమలగిరిలో గురుపూర్ణిమ సభలో ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠం)



గురుపూర్ణిమనాడు గురుమహిమను గురించి ప్రసంగించడం ఆచారం. పెద్దలు నన్ను మాత్రం ఫోనును గురించి మాట్లాడమన్నారు. ఈ సభలోని తల్లిదండ్రులలో చాలామంది దానిని పిల్లల చదువుకు శత్రువుగా భావిస్తారు. ఆ భయం నిరాధారం కాదు. అయినా ఆ ఫోనుతోనే నేను పాఠం చెప్పాను. దానితోనే ఒక పెద్ద తప్పూ చేశాను. ఆ రెండింటినీ మీకు మనవి చేస్తాను.

మన సంప్రదాయంలో వేదం నేర్చుకోవడాన్ని సంథ చెప్పుకోవడం అంటారు. గురువు ఒకమారు పలుకుతారు, శిష్యుడు రెండుమార్లు అంటాడు. పైకి ఇది వల్లెవేయడంలా కనిపిస్తుంది. కాని సంథలో అసలు పని గురువుగారి చెవిది. స్వరం తప్పినచోటనే ఆపి, మరల అనిపిస్తారు. పదం, క్రమం, జట, ఘనం అంటూ ఒకే మంత్రాన్ని పలు తీరుల పఠించే ఏర్పాటు కూడా ఒక్క అక్షరం జారిపోకుండా కాపాడేందుకే. తాళపత్రాలు చేతిలో ఉన్న కాలంలోనూ మన పూర్వులు వేదాన్ని ఆకుకు అప్పగించి ఊరుకోలేదు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుండి మన రాష్ట్రంలో మూడవ తరగతి మొదలు పదవ తరగతి వరకు పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోను, టీ-శాట్ ఛానళ్ళలోను ప్రసారమయ్యాయి. వాటిని సిద్ధం చేసిన ఉపాధ్యాయుల శ్రమకు నమస్కరిస్తున్నాను. తండాలోని బిడ్డకూ పట్టణంలోని బిడ్డకూ ఒకే గంటకు ఒకే పాఠం వినిపించింది. అంతకుముందే, 2017లో, కేంద్రప్రభుత్వం ‘దీక్ష’ అనే వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపితే పాఠం కళ్ళముందు కదలాడుతుంది. దీక్ష అనగానే మాల, మండలం, నియమం గుర్తుకు వచ్చే మనకు ఆ పేరు కొంత వింతగానే తోచింది!

ఇన్ని ఉన్నా, టీవీకి నోరుందే గాని చెవి లేదు. బిడ్డకు అర్థమయిందో లేదో దానికి తెలియదు. అందుకని మేము వాట్సాప్ గ్రూపులు ఏర్పరచుకొన్నాము. నేను పాఠానికి తోడుగా పోతనగారి గజేంద్రమోక్షంలోని పద్యాలను నా గొంతుతో పలికి వాయిస్ సందేశాలుగా పంపేవాడిని. పోతనగారి ఊరని ప్రసిద్ధిగన్న బమ్మెర మనకు ఎంతో దూరం కాదు గదా, మన పిల్లలకు ఆ పద్యాలు రాకపోతే ఎట్లా అని నా పట్టుదల. పిల్లలు విని, తమ గొంతుతో చదివి తిరిగి పంపేవారు. తరగతిలో నలభైమంది ఒక్కమారుగా అంటే నాకు వినబడని తప్పులు, ఒక్కొక్క గొంతును విడిగా విన్నప్పుడు తెలిశాయి. సంథ ఫోనులోకి వచ్చిందని పొంగిపోయాను.

ఆ ఏడు కార్తికమాసంలో జరిగిన సంగతి ఇది. ఏడవ తరగతి చదివే ఒక అబ్బాయి సందేశాలు రాత్రి తొమ్మిది దాటాకనే వచ్చేవి. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది తండ్రితోపాటు పనికి వెళ్ళి చీకటిపడ్డాక తిరిగి వచ్చేది. వెనుకనుండి గేదె మెడలోని గంట, నాయనమ్మ దగ్గు వినిపించేవి. ఒకనాడు ఆ అబ్బాయి ‘శంఖం’ అనవలసినచోట ‘సంకం’ అన్నాడు. మనవైపు సంక అంటే చంక. ఈ తప్పు అందరికీ పాఠమవుతుందని తలచి, ఆ సందేశాన్ని అతని పేరుతో సహా గ్రూపులో పెట్టి, “ఇట్లా పలకరాదు” అని రాశాను. క్షణంలో నవ్వు బొమ్మలు వరుసకట్టాయి. తెల్లవారేసరికి ఆ గొంతు వేరే గ్రూపులకూ చేరింది. తరగతిగదిలో నవ్వు గంట కొట్టేసరికి చల్లారుతుంది. ఫోనులో నవ్వును ఎన్నిమార్లైనా మళ్ళీ వినవచ్చు. నేను తొలగించాను గాని, అప్పటికే ఆలస్యమయింది.

ఆ అబ్బాయి మరల సందేశం పంపలేదు.

పది రోజులు చూసి, మాస్కు కట్టుకొని వారి ఇంటికి వెళ్ళాను. నాయనమ్మ గడప దగ్గర కూర్చుండి ఉంది. “ఫోనుల సదివితె అందరు నవ్వుతున్నరట సారూ, పోరడు సదువుతలేడు” అంది. ఆ మాటకు నావద్ద సమాధానం లేదు. “తప్పు నీది కాదు బిడ్డా, నాది” అని ఆ పిల్లవానితో ఆమె ఎదుటనే చెప్పాను. నా నోటికి మాస్కు ఉంది కనుక, అతని అరచేతినే అతని నోటిముందు ఉంచుకోమన్నాను. ‘క’ అన్నప్పటికన్నా ‘ఖ’ అన్నప్పుడు ఊపిరి అరచేతికి బలంగా తగలాలి. ‘శ’ అన్నప్పుడు నాలుక పళ్ళవైపు పోక అంగిలివైపు లేవాలి. అయిదారుమార్లు అనిపించాను. నెలలపాటు ఫోనులో చెప్పి చేయలేని పని, గడప బయట నిలబడిన ఆ పావుగంటలో జరిగింది.

ఆనాటినుండి గ్రూపులో నా గొంతు మాత్రమే ఉంటుంది. పిల్లల గొంతు నాకొక్కనికే రావాలి. బాగా చదివినదైనా సరే, బిడ్డను, తల్లిదండ్రులను అడగనిదే నలుగురికీ వినిపించను. రాత్రి పదింటికి వచ్చినదానికి కూడా మరునాడు తప్పక జవాబు పంపుతాను. విని ఊరుకొంటే, వినకపోయినట్లే బిడ్డ తలుస్తాడు. మా సహోపాధ్యాయులు కొందరు ఇది వృథాశ్రమ అన్నారు, వారి కష్టమూ నాకు తెలుసు. ఫోను లేని పిల్లలను ఉన్నవారితో జతచేద్దామని చూశాను గాని, అది అన్నిచోట్లా సాగలేదు. అటువంటివారి కోసం ఈ ఆలయమండపంలో శనివారం సాయంత్రాలు కొంత చోటు ఇప్పించవలసిందిగా ధర్మకర్తలను ప్రార్థిస్తున్నాను.

నేను వెళ్ళివచ్చిన మూడవనాడు, రాత్రి తొమ్మిదిన్నరకు ఆ అబ్బాయి నుండి సందేశం వచ్చింది. గేదె గంట మోగుతూనే ఉంది. పద్యం మొత్తం చదివాడు. ‘శంఖం’ దగ్గర కొద్దిగా ఆగి, ఊపిరి పట్టి పలికాడు. చివర నాయనమ్మ గొంతు వినిపించింది: “సరిగ్గ వచ్చిందా సారూ?”

వచ్చిందమ్మా అని ఆ రాత్రే జవాబు పంపాను. సెలవు.