అదృశ్య తరంగాలు – ఆసుపత్రి యంత్రాలు
(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వానాకాలపు రాత్రి రేడియోలో వార్తలు వింటుండగా మెరుపు మెరిస్తే గరగరమనే శబ్దం వచ్చేది. ఇంటి ముందు మోటారు సైకిలు స్టార్టు చేసినా అంతే. సిరొంచ ప్రాంతపు పెద్దలకు ఇది అనుభవమే. మెరుపు రేడియోను తాకలేదు. దాని నుండి వెలువడిన విద్యుదయస్కాంత తరంగం తాకింది. రేడియోలో గరగర వస్తే వార్త ఒకటి తప్పిపోతుంది. అదే గరగర రోగికి ఊపిరి అందించే యంత్రంలో పుడితే ఏమి కావాలి? నేటి ప్రసంగ విషయం అదియే.

వస్తువును తరంగాల ద్వారా గుర్తించే పట్టీ నేడు అందరికీ పరిచితమే. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోల్ గేట్ల వద్ద తప్పనిసరియైన ఫాస్టాగ్ ఆ కోవకు చెందినదే. అందులో బ్యాటరీ ఉండదు. గేటు మీది రీడరు పంపే తరంగమే దానికి శక్తినిస్తుంది. ఆ శక్తితోనే అది తన సంఖ్యను తిరిగి పలుకుతుంది. కనుక రీడరు తరంగం బలంగా ఉండక తప్పదు. చిక్కు పట్టీలో కాదు, ఆ రీడరులో ఉన్నది.

ఇవే పట్టీలు ఆసుపత్రులలోనూ ప్రవేశించాయి. ఆక్సిజన్ సిలిండరు ఏ వార్డులో ఉన్నది, రక్తపు సంచి ఏ రోగికి ఉద్దేశించినది, శిశువు ఏ తల్లి బిడ్డ అన్నవి పొరపాటు లేకుండా తెలుపగలవు. ఆ మేలును కాదనరాదు.

అయితే నెదర్లాండ్స్ పరిశోధకులు రోగులు లేని గదిలో 41 వైద్య యంత్రాలను 123 మార్లు పరీక్షించి, 2008 జూన్‌లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఫలితాలను ప్రకటించారు. 34 మార్లు అంతరాయం కలిగింది. అందులో 22 ప్రమాదకరమైనవని తేల్చారు. శ్వాసయంత్రం ఆగిపోయింది. మందు ఎక్కించే సిరంజి పంపు నిలిచిపోయింది. బ్యాటరీ లేని పట్టీలకు వాడే 868 మెగాహెర్ట్జ్ తరంగం వల్ల 41 పరీక్షలలో 26 మార్లు, బ్యాటరీ గల పట్టీల 125 కిలోహెర్ట్జ్ తరంగం వల్ల 8 మార్లు అలా జరిగింది. అంతరాయం కలిగిన దూరాల మధ్యమం 30 సెంటీమీటర్లు. గరిష్ఠం 6 మీటర్లు. భారతదేశంలో ఈ పట్టీలకు కేటాయించిన 865–868 మెగాహెర్ట్జ్ ఆ 868ని ఆనుకున్నదే.

దీనికి బెదరనక్కరలేదు. వైద్య యంత్రాలు సమీప తరంగాలను తట్టుకోవాలని 2014లో అంతర్జాతీయ ప్రమాణం కఠినతరమైంది. కాని అంతకు మునుపటి యంత్రం వాడుకలో ఉన్నచోట ఆ రక్షణ ఉన్నదని అనుకోరాదు.

ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ సరిహద్దు సీమలో ఈ మాటకు బరువెక్కువ. ఒక యంత్రం నిలిచిపోతే మరొకటి పక్క వీధిలో దొరకదు. సిరొంచ నుండి జిల్లా కేంద్రమైన గడ్చిరోలి 200 కిలోమీటర్ల దూరం. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్లు చేరాలన్నా గంటల ప్రయాణమే. అందువల్ల రీడరును బిగించే ముందే, ఆ గదిలోని యంత్రాలన్నింటినీ రోగులు లేని వేళ దాని ఎదుట నడిపి చూడాలి. మంచానికి, రీడరుకు నడుమ ఎంత ఎడముండాలో గోడమీద వ్రాసి పెట్టాలి. పంపు అకారణంగా ఆగితే సమయంతో సహా పుస్తకంలో నమోదు చేయాలి. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు దుకాణాల దొంగతన నిరోధక గేట్ల వద్ద నిలబడక, సాగిపోవాలి.

దూరం పెరిగిన కొలదీ తరంగ తీవ్రత తగ్గుతుందని ఈ పాఠశాల భౌతికశాస్త్ర తరగతిలో నల్లబల్ల మీద చెప్పినదే. పరీక్ష కోసం చదివిన ఆ వాక్యం ఆసుపత్రి మంచం పక్కన ఒక ప్రాణానికి అడ్డు నిలువగలదు. నర్సులుగా, సాంకేతికులుగా పనిచేసే పూర్వ విద్యార్థులు దానిని మరువకుండుగాక. యంత్రపు తెర చూసే ముందు రోగి ముఖం చూచుటయే తొలి పరీక్ష.