కామెర్లు వచ్చాయా అని అడిగితే ఏం చెప్పాలి?



మేము డాక్టర్లం కాదు. ట్రేడ్ డిప్లొమా చదివి, సైటులో మనుషుల్ని పొద్దున ఎలా వచ్చారో సాయంత్రం అలాగే ఇంటికి పంపే పనిలో ఉన్నవాళ్లం. అయినా ఈ నేపర్‌విల్ సభలో కాలేయం గురించి మాట్లాడుతున్నామంటే కారణం ఉంది.

మా క్రూలో ఒకాయనకి లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రి కాగితంలో "హెపటైటిస్ వచ్చిందా?" అంటే లేదని టిక్కు పెట్టాడు. అబద్ధమాడలేదు. చిన్నప్పుడు ఊళ్లో పచ్చకామెర్లొస్తే పసరు పోశారు, తగ్గిపోయింది. దానికి ఇంకో పేరుందని ఆయనకేం తెలుసు? అదృష్టం బాగుండి, మందు ఎక్కించేముందు చేసిన రక్తపరీక్షలో పాత హెపటైటిస్-బి జాడ దొరికింది. వైరస్‌ని అణిచే మాత్ర ముందే మొదలుపెట్టారు.

జబ్బు తగ్గినా ఈ వైరస్ కాలేయ కణాల్లో దాక్కునే ఉంటుంది. ఒంట్లో రోగనిరోధక శక్తి దానికి కాపలా. కీమో, రిటుక్సిమాబ్ లాంటి మందులు, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు ఆ కాపలాని పడుకోబెడితే వైరస్ మళ్లీ లేస్తుంది. కాలేయం పాడై ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే 2013లో అమెరికా ఎఫ్‌డీఏ రిటుక్సిమాబ్ మీద దీని గురించి పెద్ద హెచ్చరిక పెట్టించింది.

ఎవరికి లేస్తుందో ఎలా చెప్తారు? మన పనిలాగే. ఒకడు పరంజా మీంచి పడ్డాడు. ఎత్తా, వానా, బెల్టు లేకపోవడమా? ఒక్క ప్రమాదం చూసి చెప్పలేం. వందల ప్రమాదాలు రాసి, ఎత్తూ వానా ఒకేలా ఉన్నచోట బెల్టు ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ పోల్చితే బెల్టు బరువెంతో తేలుతుంది. గణాంక నమూనా చేసేదీ అదే. వయసు, ఆడా మగా, ఏ మందు, రక్తపరీక్ష ఫలితం, ఒక్కోదానికి ఒక్కో బరువు కడుతుంది. అది జాతకం కాదు. మనలాంటి వందమందిలో సుమారు ఎందరికో చెప్తుంది, మనకే వస్తుందని కాదు.

ఈ లెక్కల బలం చిన్నది కాదు. తైవాన్‌లో 22,707 మంది మగవాళ్లని గమనించి 1981లో అచ్చువేసిన అధ్యయనంలో, హెపటైటిస్-బి ఒంట్లో ఉన్నవాళ్లకి కాలేయ క్యాన్సర్ ముప్పు లేనివాళ్లకంటే 223 రెట్లని తేలింది.

మరి మన సంగతి? హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే చవకగా ఈ టీకా తెచ్చింది. కానీ దేశమంతా పిల్లలకి ప్రభుత్వ టీకాల్లో చేరింది 2011 ప్రాంతంలో. అంటే మా ఈడు వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు పడలేదు.

కాబట్టి మేము అడిగేది రెండే. ఒకటి, పెద్దవాళ్లంతా జీవితంలో ఒక్కసారైనా మూడు పరీక్షలు చేయించుకోవాలని 2023లో సీడీసీ చెప్పింది. హెచ్‌బీఎస్ యాంటిజెన్, యాంటీ-హెచ్‌బీఎస్, టోటల్ యాంటీ-హెచ్‌బీకోర్. ఒక్కసారి రక్తమిస్తే మూడూ అయిపోతాయి. వైరస్ లేక, రక్షణా లేకపోతే టీకా వేయించుకోండి. రెండు, కామెర్లొచ్చాయా అంటే, వచ్చాయనే చెప్పండి. అవి ఏ రకమో పరీక్ష తేలుస్తుంది.

వైరస్ ఉందని తేలినా సిగ్గుపడకండి. కలిసి తింటే, చెయ్యి కలిపితే అంటదు. ఉందని తెలిస్తే కాపాడుకోవచ్చు. బెల్టు వేసుకున్నాకే పరంజా ఎక్కుతాం కదా, ఇదీ అంతే.

సెలవు. అందరూ క్షేమంగా ఉండండి.